ఎర్ర మైనం పన్ను

ఆ తల వెనక భాగం ఆమెకు కొట్టిన పిండి. నడినెత్తిన సుడి, సుడి చుట్టూ ఈమధ్యే పలచబడ్డ జుట్టు, కత్తెరకు దొరక్కుండా మెడ మీద మిగిలిపోయిన నాలుగు వెంట్రుకలు, ఎడమ చెవి వెనక ఎంత రుద్దినా వదలని తెల్లటి ప్లాస్టర్ చార. పెళ్ళయి పాతికేళ్ళు దాటింది, పిల్లను పెంచి పెద్ద చేసి ఓ ఇంటిదాన్ని చేశారు, ఇప్పుడు జీవితంలో మొదటిసారి విమానమెక్కి మేఘాల మీదుగా పోతున్నారు, అయినా ఎదురుగా అదే తల, అదే వెనక భాగం. ఇదేం చోద్యం తల్లీ అనుకుంది. అనుకోగానే నవ్వొచ్చింది. ఆ నవ్వు బయటికి రాకముందే పెదాలు వాటంతట అవే మూసుకున్నాయి. మూసుకున్న పెదాల వెనక నాలుక మాత్రం ఊరుకోలేదు. పై వరసలో ముందు పన్ను దగ్గరికి వెళ్ళి, అంచు విరిగిన చోట అటొకసారి ఇటొకసారి రాసుకుని, అక్కడే తిష్ట వేసింది. భయమేసినప్పుడల్లా దానికదే పని. భయం విమానానిది కాదు. చక్రాలు నేల వదిలినప్పుడు స్కూటర్ మీద అలవాటు కొద్దీ ముందున్న సీటు పట్టుకున్న మాట నిజమే. ఆ తల కదల్లేదు, తన గుండె కూడా సర్దుకుంది. ఇప్పుడున్న భయం వేరు. ఈ విమానం దిగేలోపల ఆయనతో ఒక మాట చెప్పాలి. దిగాక సముద్రం, ఇసుక, గది తాళాలు, ఎక్కడ తినాలి, ఎప్పుడు తిరగాలి, ఈ గొడవలో పడిపోతే మాట మళ్ళీ గొంతులోనే ఉండిపోతుంది. తన సంగతి తనకు తెలుసు. అందుకే ఇంటి తలుపుకు తాళం వేస్తున్నప్పుడే మనసులో ఒట్టు పెట్టుకుంది, విమానంలోనే చెప్పేస్తానని.

చెప్పాలంటే మనిషి పక్కన ఉండాలి కదా. పక్కన ఉండాల్సిన మనిషి ముందున్నాడు. ఇందులో విమానం వాళ్ళ తప్పు ఇసుమంతైనా లేదు. టికెట్ల ఆఫీసులో ఆ అమ్మాయి మర్యాదగానే అడిగింది, "సీట్లు ఎలా ఇవ్వమంటారు సార్?" అని. ఆయన అర క్షణం కూడా ఆలోచించలేదు. "మామూలుగానేనమ్మా. నేను ముందు, ఈవిడ వెనక." ఆ అమ్మాయి కంప్యూటర్లోంచి తలెత్తి ఆమె వంక చూసింది. ఆమె కూడా బుద్ధిగా తల ఊపింది. అదీ అసలు సంగతి, ఆయన్నని ఏం లాభం, తనూ ఊపింది. మామూలంటే మరి అదే కదా. షాపులో ఆయన ముందు గది, తను వెనక గది. స్కూటర్ మీద ఆయన ముందు, తను వెనక. రోడ్డు మీద నడిచినా ఆయన నాలుగడుగులు ముందుంటాడు, మధ్య మధ్యలో ఆగుతాడు, తను వస్తున్నట్టు చెప్పుల చప్పుడు వినబడగానే మళ్ళీ కదులుతాడు. ఆఖరికి మంచం మీద కూడా ఆయన గోడ వైపు తిరిగి పడుకుంటాడు, తను ఆయన వీపు వైపు. ఇంటికొచ్చాక కూతురు టికెట్లు చూసి సోఫాలో పడి కడుపు పట్టుకుని నవ్వింది. "మీరు సెలవులకి వెళ్తున్నారా, స్కూటరేసుకుని కూరగాయలకి వెళ్తున్నారా? మార్పించనా నాన్నా?" అంటే, "ఎందుకే, ఇద్దరం ఒకే విమానంలోనే కదా వెళ్తున్నాం" అన్నాడాయన, అందులో విడ్డూరమేముందో నిజంగానే బోధపడక. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ తల్లి వంక చూసింది. తల్లి పెదాలు మూసి నవ్వింది.

ఎకానమీ అంటే మోకాళ్ళు మింగి కూర్చోవడమని ఎవరూ చెప్పలేదు. కిటికీ వైపు సీటులో ఒక భారీ మనిషి, కళ్ళకు గంతలు కట్టుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, విమానం కదలకముందే నిద్రలోకి జారుకున్న ఆవిడ. ఇటు పక్క, నడిచే దారి వైపు, ఒక పెద్దాయన. నున్నటి బట్టతల, చేతిలో విప్పని పేపరు, నోట్లో పై వరస మొత్తం కట్టుడు పళ్ళు. ఆయన "నమస్కారమమ్మా" అన్నప్పుడే ఆమె చెవికి తెలిసిపోయింది. 'స' దగ్గర చిన్న ఈల. ఎవరు చేశారో గానీ ముందు పళ్ళు కాస్త బయటికి నిలబెట్టారు పాపం. తన దగ్గరికొస్తే... ఛ, సెలవుల్లో కూడా ఇదేం బుద్ధి. కానీ బుద్ధి అక్కడే ఉంటుంది, దాన్నేం చేస్తాం. ఊళ్ళో పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి వీళ్ళ షాపుకు పంపిస్తారు. ఆయన వాటిలో ప్లాస్టర్ పోసి దిమ్మ తీస్తాడు. ఆ దిమ్మ మీద మైనం పరిచి, ఒక్కో పన్నూ ఏ వంపులో ఎంత ఒరిగి నిలబడాలో చూసి నిలబెట్టేది ఆమె. మళ్ళీ అది ఆయన దగ్గరికే వెళ్ళి, ఉడికి గట్టిపడి, నునుపు తేలి, డబ్బాలో పడుతుంది. అప్పుడప్పుడు డాక్టరు, మైనం సెట్టు మనిషి నోట్లో పెట్టి చూద్దురు గాని రమ్మని పిలుస్తాడు. ఆమె వెళ్ళి, ఆ మనిషి ఎదురుగా కూర్చుని, "ఏదీ, సరే అనండి. సున్నా అనండి. సముద్రం అనండి" అంటుంది. 'స' తిన్నగా పలికితే పళ్ళు తిన్నగా ఉన్నట్టు. ఎంతమంది తన ఎదురుగా కూర్చుని సముద్రం, సముద్రం అన్నారో. ఎవరికీ సముద్రం చూపించలేదు, తనూ చూడలేదు. ఇప్పుడు చూడబోతోంది.

సరే అనండి. ఆ మాటే తన కొంప ముంచుతోంది. ఆయన నోట వచ్చే మాటల్లో సగం అదే. కూతురు హాస్టల్లో చేరతానంటే సరే. ఇల్లు మారదామంటే సరే. ఈ సెలవుల సంగతి అమ్మాయి ఎత్తినప్పుడూ సరే. అన్నం మాడిందండీ అన్నా సరే, ఇవాళ వండలేనండీ అన్నా సరే. మంచి మనిషి కాదా అంటే, ఆయనకేం, బంగారం. పల్లెత్తు మాట అనడు. కానీ ఆ సరేలో ఇష్టమెంత, కష్టమెంత, విన్నదెంత, విననిదెంత అని ఎవరైనా చెప్పగలిగితే వాళ్ళ కాళ్ళకు దణ్ణం పెడుతుంది. ఇప్పుడు తను ఈ మాట చెప్తుంది, ఆయన సరే అంటాడు, అంతే. పాతికేళ్ళుగా తను కూర్చున్న కుర్చీ ఖాళీ చేసి వెళ్ళిపోతానంటే కూడా సరేనే అంటే, తను ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటేననా? లేక లోపల కుప్పకూలిపోయి పైకి అంటాడా? ఏదో తెలియకుండా తను ఎలా వెళ్ళగలదు? వెళ్ళాలని ఉంది. ఆ మాట ఇంతవరకూ తనతో తనే గట్టిగా అనుకోలేదు. వెళ్ళాలని ఉంది, వెళ్ళాలని చచ్చేంత ఉంది.

వెళ్ళాలని ఉన్నది పళ్ళ సెట్లు చేయడం నేర్పే ట్రైనింగ్ సెంటర్‌కు. కిందటేడు ఒక మధ్యాహ్నం, మైనంలో పళ్ళు నిలబెట్టడం పిల్లలకు ఒకసారి చేసి చూపించమని పిలిచారు. ఆయన సరే అన్నాడు. వెళ్ళింది. పెద్ద గది, పెద్ద కిటికీలు, ఒక బల్ల, బల్ల చుట్టూ తన కూతురి కంటే చిన్నవాళ్ళు, అందరూ తన ముఖంలోకే చూస్తున్నారు. ఎవరూ వీపు పెట్టి కూర్చోలేదు. ఒకమ్మాయి, "ఈ పన్ను ఇంత ఒరగాలని మీకెలా తెలుస్తుంది మేడమ్?" అని అడిగింది. ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఎలా తెలుస్తుంది? చెప్పడం మొదలుపెట్టింది, చెప్తూనే ఉంది, నవ్వుతూ తింటూ కోప్పడుతూ ఉండే మనిషి నోరు ఎలా ఉంటుందో, ముసలితనంలో పెదవి ఎలా దిగుతుందో, మరీ తీర్చినట్టున్న పళ్ళు ఎందుకు దొంగపళ్ళలా కనిపిస్తాయో. తనలో ఇన్ని మాటలున్నాయని తనకే తెలీదు. సాయంత్రం గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చింది. స్కూటర్ మీద వెనక కూర్చుని ఆయన వీపుకు అదంతా చెప్పింది. గాలి హోరులో ఎంత వినబడిందో ఏమో, సరే సరే అన్నాడు. నాలుగు వారాల కిందట అక్కడి పెద్ద మేడమ్ ఫోన్ చేసింది. రోజూ వచ్చి పాఠాలు చెప్తారా అని. సెలవుల నుంచి తిరిగి రాగానే చెప్తానని ఈమె అంది. ఆ ఫోను వచ్చినప్పుడు ఆయన గోడకు అవతలే ఉన్నాడు, పళ్ళు నునుపు చేసే మిషను ఆన్ చేసుకుని.

ముందు సీటు వీపు మీద వేలి కణుపుతో ఎవరో ఒక దెబ్బ కొట్టారు. టక్. ఆమె చెయ్యి ఆలోచించకుండా ముందుకు వెళ్ళింది. రెండు సీట్ల మధ్య సందులోంచి ఆయన చెయ్యి వెనక్కి వచ్చింది, అందులో వెన్న పొట్లం. భోజనాలు పెట్టారు, ఆయన వెన్న తినడు. తీసుకుంది. చెయ్యి వెళ్ళిపోయింది. మళ్ళీ టక్. ఈసారి బన్ను సగం. మళ్ళీ టక్, ఎర్రటి మైనం తొడుగులో చిన్న చీజ్ ఉండ. పెద్దాయన చెంచా ఆపి ఈ రాకపోకలన్నీ చూస్తున్నాడు. ఇక ఉండబట్టలేక, "ఏమ్మా, ఇక్కడేమైనా పోస్టాఫీసు నడుపుతున్నారా?" అన్నాడు, ఆ చివరి 'స'లో ఈలతో. "మా ఆయనండీ." "ఆ విషయం తెలుస్తూనే ఉంది. బయటివాళ్ళెవరైనా ఇలా ఇస్తే తీసుకుంటారా? కావాలంటే నేను ముందుకెళ్తా, ఆయన్ని ఇటు రమ్మను." ఆమె గాభరాపడి, "వద్దు బాబాయిగారూ, మీకెందుకు శ్రమ, మాకిది అలవాటే" అంది. అని నాలుక కరుచుకుంది. చేతికొచ్చిన అవకాశం కాలదన్నుకుంది. ఎందుకన్నట్టు? భయం, ఇంకేముంది. పెద్దాయన భుజాలెగరేసి మళ్ళీ భోజనంలో పడ్డాడు.

అలవాటే మరి. ముందు గదికీ వెనక గదికీ మధ్య గోడ, గోడలో కంచం పట్టేంత కిటికీ, దానికి జరిగే చెక్క. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ కిటికీలోంచి ఆయన చెయ్యి వస్తుంది, దిమ్మ ఇస్తుంది, మైనం సెట్టు తీసుకుంటుంది, వెళ్ళిపోతుంది. చెక్క మీద ఒక దెబ్బ అంటే తీసుకో అని. రెండు దెబ్బలంటే, తేడా ఉంది మళ్ళీ చూడు అని. ఆ రెండు దెబ్బలు ఎప్పుడూ ఆయన వైపు నుంచే. ఆఖరి చూపు ఆయనది కాబట్టి. ఆయన బొటనవేలి గోరు మీది గీత, కణుపుల మడతల్లో ప్లాస్టర్, మణికట్టు దగ్గర వేడి నీళ్ళు పడి కాలిన మచ్చ, అన్నీ తనకు కంఠతా వచ్చు. నేను పెళ్ళి చేసుకుంది మనిషినా చేతినా అని ఒకసారి కోపంలో అనుకుంది కూడా. కానీ కోపం నిలబడదు. ఎందుకంటే ఆ గోడ ఆయన ఎవరి కోసం కట్టాడో తనకు తెలుసు. మొదట్లో ఇద్దరూ వేరే వాళ్ళ దగ్గర పని నేర్చుకునేవాళ్ళు, ఒకే పొడుగాటి బల్ల, ఎదురెదురుగా. ఆయన మిగిలిన మైనం ముక్కతో చిన్న ఏనుగు చేసి బల్ల మీద ఇవతలికి నెట్టేవాడు, తను దానికి తొండం విరిచి అవతలికి నెట్టేది, అలా నెట్టుకుంటూ నెట్టుకుంటూ పెళ్ళి దాకా వచ్చారు. సొంత షాపు పెట్టాక ప్లాస్టర్ దుమ్ముకు తనకు దగ్గు పట్టుకుంది. రాత్రంతా ఒకటే దగ్గు. ఒక ఆదివారం ఇటుకలు తెచ్చి, తనే సున్నం కలిపి, తనే గోడ లేపాడు. వెలుతురు వచ్చే గది ఆమెకిచ్చి దుమ్ము గది ఆయన తీసుకున్నాడు. దగ్గు తగ్గింది. ఎదురెదురుగా కూర్చోవడం అంతటితో పోయింది. అంత ప్రేమగా కట్టిన గోడ మీద ఎవరికని ఫిర్యాదు చేస్తుంది?

ఇంకా చేతిలో చీజ్ మైనం ఉంది. చీజ్ ఎప్పుడు తినేసిందో తెలీదు. మైనం చేతి వేడికి మెత్తబడింది. వేళ్ళు దాన్ని నలుపుతున్నాయి, సాగదీస్తున్నాయి, మళ్ళీ ఉండ చేస్తున్నాయి. ఎయిర్ హోస్టెస్ వచ్చి ట్రేలు తీసుకెళ్ళింది, కిటికీ తెరలు దించమంది. బయట భగభగలాడే మధ్యాహ్నం, లోపల తెచ్చిపెట్టుకున్న చీకటి. విమానం పొద్దు వెంటే పరుగెత్తుతోందట, అందుకే ఈ మధ్యాహ్నం ఎంతకీ అయిపోదట, అమ్మాయి చెప్పింది. అయిపోని మధ్యాహ్నం ఒకటి దొరికితే మంచిదే, ధైర్యం తెచ్చుకోవడానికి కాస్త వ్యవధి. సీట్ల సందులోంచి ఆయన ముందున్న తెర కనబడుతోంది. సినిమాలూ పాటలూ ఏవీ పెట్టుకోకుండా ఆయన మ్యాపు పెట్టుకున్నాడు. నీలం మీద చిన్న తెల్ల విమానం, ఉన్నచోటే ఉన్నట్టుండి, కాసేపాగి చూస్తే కాస్త ముందుకు జరిగి ఉంటుంది. ఆయన అదే చూస్తున్నాడు. తనూ సందులోంచి అదే చూస్తోంది. ఇద్దరూ ఒకే బొమ్మ చూస్తున్నారు, ఒకరికొకరు తెలియకుండా.

ఆ పన్ను విరిగింది మూడేళ్ళ కిందట. మైనం కత్తి పిడి పళ్ళతో పట్టుకోకూడదని పని నేర్చుకున్న మొదటి రోజు నుంచీ తెలిసిన మనిషే, ఆ రోజు రెండు చేతులా పనుండి పళ్ళతో పట్టుకుంది. టక్కుమంది. అంచు ముక్క అరచేతిలో పడింది, బియ్యపు నూకంత. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి చెక్క జరిపింది. అవతల మిషను హోరు. ఆయన అటు తిరిగే చెయ్యి చాపాడు, ట్రే కోసం. ఆమె ఒక్క నిమిషం నిలబడి, ఆ చేతిలో ట్రే పెట్టి, వచ్చి కూర్చుంది. సాయంత్రం చూస్తాడులే అనుకుంది. రేపు చూస్తాడులే. ఆదివారం చూస్తాడులే. ఊళ్ళో వాళ్ళందరి నోళ్ళూ చూసే మనిషి ఇంట్లో నోరు చూడడా? కూతురు మొదటి రోజే చూసింది. "కట్టించుకో అమ్మా, చిటికెలో పని." "మీ నాన్నకు చెప్పకు." "ఇదేంటి, పరీక్షా శిక్షా?" రెండూ కాదు. మొదట పరీక్షే, ఆ తర్వాత ఆయన పరీక్ష తప్పుతూ ఉంటే చూడలేక, తనే పెదాలు మూసుకుని నవ్వడం నేర్చుకుంది, ఆయనను కాపాడ్డానికి. ఇంత తిక్క లెక్క లోకంలో ఇంకెవరికైనా ఉంటుందా!

కిందికి చూసుకుంటే వేళ్ళ మధ్య ఎర్రటి పన్ను ఉంది. ఎప్పుడు చేసిందో తెలీదు. కత్తి లేదు, గోరుతోనే చేసింది. పై వరస ముందు పన్ను, ముందువైపు వంపు, వెనక గుంట, అంతా కుదిరింది. అంచున ఒక మూల లేదు. తన పన్నే. నాలుక వెళ్ళి నోట్లోదాన్ని తడిమి చూసింది, చేతిలోదాన్ని చూపు తడిమింది, అచ్చు గుద్దినట్టుంది. మాటతో చేతగాకపోతే చేతితోనే చెప్పాలి, ఇన్నాళ్ళూ మాట్లాడుకుంది దాంతోనేగా. పన్నును అరచేతిలో పెట్టుకుని చెయ్యి సందులోకి పోనిచ్చింది. రెండో చేత్తో ముందు సీటు వీపు మీద రెండు దెబ్బలు కొట్టింది. టక్, టక్. ఈ రెండు దెబ్బలు తన వైపు నుంచి వెళ్ళడం ఇదే మొదలు. అవతల ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత వేళ్ళు వచ్చి పన్నును తీసుకున్నాయి.

ఎదురుచూసింది. తెల్ల విమానం నీలంలో కదలడం లేదు. ఆ తల కాస్త వంగింది, భుజాలు కాస్త కదిలాయి. చూస్తున్నాడు. గుర్తుపడతాడు. గుర్తుపట్టి ఏమంటాడు? పెద్దాయన పేపరు అడ్డం పెట్టుకుని, పేపరు మీదుగా చూస్తూ, తనూ ఊపిరి బిగబట్టినట్టున్నాడు. టక్. ఒక్క దెబ్బ. చెయ్యి వెనక్కి వచ్చింది. ఆమె తీసుకుని చూసింది. మూల నిండి ఉంది. విరిగిన చోట ఇంత మైనం అద్ది, గోరుతో నునుపు చేసి, అంచు తీర్చి, ఎంతో చక్కగా బాగుచేసి పంపించాడు. పన్ను మొదట్లోంచి గిల్లిన ముక్కే అయి ఉంటుంది. తప్పెక్కడుందో ఇట్టే పట్టేశాడు, ఎవరి పన్నో పట్టలేదు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇంత పనితనం, ఇంత శ్రద్ధ, ఇంత గుడ్డితనం, అన్నీ ఆ ఒక్క గోటిలోనే ఎలా పట్టాయి దేవుడా! ఒక్క క్షణం, ఇక చాలు, ఊరుకుందాం అనిపించింది. బాగుచేసిన పన్నును సంచిలో వేసుకుని కళ్ళు మూసుకుంటే సరి. సముద్రం వస్తుంది, సెలవులు అయిపోతాయి, ఫోన్ చేసి పెద్ద మేడమ్‌కు కుదరదండీ అంటే సరి. మళ్ళీ కిటికీ, మళ్ళీ చెయ్యి. ఆ పెద్ద గదిలో తన ముఖంలోకి చూసిన కళ్ళు గుర్తొచ్చాయి. లేదు, సరి కాదు. గోరు పెట్టి ఆ మూల మళ్ళీ విరిచేసింది. చెయ్యి సందులోకి తోసి, కొట్టింది. టక్, టక్. ఈసారి కాస్త గట్టిగానే.

పన్ను వెళ్ళింది. ఆ తల వంగింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఆమె ఎన్నడూ చూడని సంగతి జరిగింది, ఆ తల తిరిగింది. బెల్టు విప్పుకుని, సీటులో మోకాళ్ళ మీద నిలబడి, సీటు మీదుగా గడ్డం ఆనించి ఆయన వెనక్కి చూశాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది, చేతిలో ఎర్ర పన్ను. "బాగానే చేశానుగా, మళ్ళీ ఎందుకు..." అని మొదలుపెట్టి ఆమె ముఖం చూసి ఆగాడు. పెదాలు విప్పింది. నవ్వాలనుకోలేదు గానీ నవ్వే వచ్చింది, నోరారా, పళ్ళన్నీ కనబడేలా. ఆయన చూపు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళింది. చేతిలోదాన్ని చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఎప్పుడు?"

"మూడేళ్ళయింది."

ఎయిర్ హోస్టెస్ వచ్చి అలా నిలబడకూడదు కూర్చోండి సార్ అంది. ఎలా కూర్చోవాలో మర్చిపోయినట్టు అలాగే ఉన్నాడు. అప్పుడు పెద్దాయన పేపరు మడిచి లేచి నిలబడ్డాడు. "చూడు తల్లీ, ఇందాక వద్దన్నావు, విన్నాను. ఇక నా వల్ల కాదు. ఇటు రావయ్యా బాబూ, నీ పోస్టాఫీసు నేను చూసుకుంటా" అని, ఈల వేస్తూ, దారిలోకి తప్పుకున్నాడు.

ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. కూర్చున్నాక ఇద్దరికీ ఎటు చూడాలో తెలియలేదు. అలవాటు కొద్దీ ఎదురుగా చూశారు. ఎదురుగా పెద్దాయన బట్టతల. భుజానికి భుజం తగులుతోంది, చేతులు పెట్టుకోవడానికి మధ్యలో ఉన్నది ఒక్కటే కొయ్య, దాని మీద ఎవరు చెయ్యి పెట్టాలో తేలక ఇద్దరూ ఒళ్ళో పెట్టుకున్నారు. "చెప్పొచ్చు కదా" అన్నాడు ఆయన చివరికి, చాలా నెమ్మదిగా. "చెప్దామనే కిటికీ దగ్గరికొచ్చాను. మీరు ట్రే కోసం చెయ్యి చాపారు." ఆయన తన చేతిని తిప్పి చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. ఇదే సమయం, ఇప్పుడు కాకపోతే ఇక లేదు. ఆమె ఊపిరి తీసుకుంది. "ఇంకోటి కూడా చెప్పాలండీ. నన్ను ట్రైనింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు. రోజూ వెళ్ళాలి. ఇక షాపుకు రావడం కుదరదు. వెళ్తానని చెప్పాలనుకుంటున్నాను. నాకు వెళ్ళాలని ఉంది." చెప్పేసింది. నాలుగు వారాలు మోసిన బరువు, నోట్లోంచి దిగడానికి ఎంతో సేపు పట్టలేదు.

ఇక ఆయన నోటి వంక చూస్తూ కూర్చుంది. ఎంతమంది నోళ్ళు చూసిందో, ఏ అక్షరానికి ముందు నోరు ఎలా తయారవుతుందో తనకు తెలుసు. 'స' రాబోతుంటే పళ్ళు దగ్గరికొస్తాయి, మధ్య గాలి సన్నగా పోతుంది. ఆయన పళ్ళు దగ్గరికొచ్చాయి. వస్తోంది, ఆ పాడు సరే వస్తోంది. అంతలో పళ్ళు మళ్ళీ విడిపోయాయి. నాలుక లేచి పై పళ్ళ వెనక ఆనింది.

"నాకిష్టం లేదు" అన్నాడు.

ఆయన ఎదురుగా బట్టతల వంకే చూస్తూ, ఆగి ఆగి, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు చెప్పాడు. "నాకేం ఇష్టం లేదు. ఆ కిటికీ అవతల వేరే ఎవరిదో చెయ్యి... తలుచుకుంటేనే బాగోలేదు. పని కోసం కాదు. పనిదేముంది, ఎవరో ఒకరొస్తారు." వేళ్ళ మధ్య ఎర్ర పన్నును తిప్పాడు. "నువ్వటు వైపు ఉన్నావని తెలిస్తే చాలు, నాకింకేం అక్కర్లేదు అనుకునేవాణ్ణి. ఉన్నావా లేవా అని తిరిగి చూళ్ళేదు. అయినా నువ్వెళ్ళు. ఆ రోజు పాఠం చెప్పొచ్చినప్పుడు స్కూటర్ మీద ఎన్ని కబుర్లు చెప్పావో. ఇంటికి తొందరగా రాకూడదని రెండు వీధులు చుట్టు తిప్పాను, నీకు తెలీదు." ఆమెకు తెలీదు. ఆ రోజు దారి పొడుగ్గా ఉందని కూడా తట్టలేదు. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, తుడుచుకోలేదు. ఇష్టం లేదట! ఇన్నేళ్ళకు ఒక ఇష్టం లేదు వినబడింది, దానికింత సంతోషమేంటో. మధ్యలో ఉన్న కొయ్య మీద చెయ్యి పెట్టింది. కాసేపటికి ఆయన చెయ్యి వచ్చి దాని మీద కూర్చుంది, ఏమీ ఇవ్వకుండా, ఏమీ అడగకుండా.

"పాఠాలు చెప్పే మనిషికి పన్ను విరిగి ఉంటే పిల్లలు నవ్వరూ?" అన్నాడు కాసేపయ్యాక. "నవ్వితే నవ్వనీండి." "అలా కాదు. ఏదీ, ఇటు తిరుగు." తల పైన లైటు వేద్దామని చెయ్యెత్తి ఒక మీట నొక్కాడు. ఎక్కడో గంట మోగింది. ఎయిర్ హోస్టెస్ పరుగున వచ్చింది. అప్పటికి ఆయన రెండు వేళ్ళతో భార్య గడ్డం పట్టుకుని ఉన్నాడు. ఆ అమ్మాయి చూసి తడబడింది. "ఏం కావాలి సార్?" "ఏం లేదమ్మా, కాస్త వెలుతురు." ఆ అమ్మాయి పక్క మీట నొక్కింది, వెలుతురు వచ్చి ఆమె ముఖం మీద పడింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. పన్ను చూశాడు, పన్ను చూడ్డం అయిపోయింది, అయినా గడ్డం వదల్లేదు. కంటి కింద ముడతలు, చెంప మీద ఎప్పుడో వచ్చిన మచ్చ, చెవి దగ్గర తెల్లబడ్డ జుట్టు, ఒక్కొక్కటే చూస్తున్నాడు, ఆమె సిగ్గుతో చచ్చిపోతోంది, అయినా తల తిప్పలేదు. ముందు సీటులోంచి పెద్దాయన ఒకసారి వెనక్కి చూసి, ఏమీ చూడనట్టు మళ్ళీ తిరిగిపోయాడు.

"సముద్రం అను" అన్నాడు ఆయన.

"సముద్రం" అంది. విరిగిన మూలలోంచి సన్నగా గాలి పోయి, కాస్త ఈల కూడా వచ్చింది. ఇద్దరూ నవ్వేశారు.

"మళ్ళీ అను."